కాలిన ఎముక చెప్పే సాక్ష్యం

(చిక్కపేటలో జరిగిన స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ప్రతి ఏడూ ఒకరు చదువు గొప్పతనం మీద మాట్లాడటం ఆనవాయితీ. కార్యదర్శిగారు నన్ను అడిగినప్పుడు, "చదువు విలువ వీళ్ళకు నేను చెప్పేదేముందండీ, పగలు కాలేజీకి పోయి సాయంత్రం ఈ పేటలో బట్టల కొట్లలో బిల్లులు రాసే పిల్లలు వీళ్ళు. ఏదైనా ఒక విషయం చెబుతాను" అన్నాను. విషయం ఏమిటో చెప్పాక ఆయన కొంచెం తటపటాయించారు. శుభకార్యంలాంటి సభలో కాలిన ఎముకల మాట ఎత్తుతానంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ ఈ ప్రశ్న నాది కాదు, మీలో ఒకరిది. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర బస్సు కాలిపోయిన వారంలో, బయోటెక్నాలజీ చదివే ఒక అమ్మాయి ట్రస్టు ఆఫీసులో నన్ను అడిగింది: "అంకుల్, మనిషి గుర్తుపట్టలేనంతగా కాలిపోయాక డీఎన్‌ఏ మాత్రం ఎలా మిగులుతుంది? అసలు మిగులుతుందా?"

నేను బి.కాం. చదివి బ్యాంకులో క్లర్కుగా చేరి క్లర్కుగానే రిటైరైనవాణ్ణి. ప్రమోషన్ వస్తే బదిలీ వస్తుందని వద్దనుకున్నాను. సైన్సు చెప్పే అర్హత నాకు లేదు. అయితే చివరి పదేళ్ళు చనిపోయిన ఖాతాదారుల క్లెయిములు చూసే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ బల్ల దగ్గర, ఒక మనిషి చనిపోయాడని రుజువు కావడం ఎంత పెద్ద విషయమో తెలిసింది. అందుకని ఆ అమ్మాయి ప్రశ్న నన్ను వదల్లేదు. పుస్తకాలు, కోర్టు తీర్పులు చదివి, తెలిసినవాళ్ళను అడిగి పోగేసింది మీ ముందు పెడుతున్నాను.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి హైదరాబాద్ బస్సులో ఉంటారు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున, ముందురాత్రి ఇక్కణ్ణుంచి బయలుదేరిన వోల్వో బస్సు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 45 మంది చనిపోయారు. దీపావళికి ఇళ్ళకు పోతున్నవాళ్ళు అందులో చాలామంది. పదిహేను రోజుల్లోనే, నవంబర్ 14న, బెంగళూరు నుంచి ముంబై పోతున్న ఇంకో బస్సు హావేరి దగ్గర అలాగే కాలింది. పన్నెండేళ్ళ తర్వాత, 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి మన ఊరికి వస్తున్న బస్సు కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్‌ను ఈడ్చుకుపోయింది. నిప్పు రాజుకుంది. బస్సులో 19 మంది పోయారు. ఒకసారి పండక్కి పోతూ, ఒకసారి పండగ నుంచి వస్తూ.

రెండుచోట్లా ముఖం చూసి మనిషిని గుర్తుపట్టే పరిస్థితి లేదు. బంధువుల రక్తం తీసుకుని డీఎన్‌ఏ పరీక్షలు చేసి, ఎవరిని ఎవరికి అప్పగించాలో తేల్చారు. అప్పటిదాకా ఆ తల్లిదండ్రులు ఆసుపత్రి బయట కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఎదురుచూస్తున్నది ఏమిటో, లోపల ఏం జరుగుతోందో మనకు తెలిసి ఉండటం మంచిది.

ముందు ఎముక అంటే ఏమిటో చూద్దాం. మన ఇళ్ళ శ్లాబు పోసేటప్పుడు ఇనప రాడ్లు పరిచి దాని మీద సిమెంటు కాంక్రీటు పోస్తారు కదా. ఎముక కూడా అంతే. కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు రాడ్లు. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజం కాంక్రీటు. బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. మిగతాది కొల్లాజెన్, కొంత నీరు. హైస్కూల్లో కోడి ఎముకను కొన్నాళ్ళు వెనిగర్‌లో నానబెట్టే ప్రయోగం మీలో కొందరు చేసి ఉంటారు. అది రబ్బరులా వంగుతుంది, ఎందుకంటే ఆమ్లం కాంక్రీటును కరిగించి రాడ్లు మిగిల్చింది. నిప్పు దీనికి సరిగ్గా తిరగేసిన పని చేస్తుంది. రాడ్లను కాల్చేసి కాంక్రీటు మిగులుస్తుంది. అందుకే బాగా కాలిన ఎముక ఆకారం చెక్కుచెదరనట్టే కనిపించి, వేలు తగిలితే పొడిపొడి అవుతుంది.

ఎముకలో డీఎన్‌ఏ ఎక్కడ ఉంటుందంటే, ఆ కాంక్రీటు మధ్య చిన్న చిన్న గూళ్ళలో ఎముక కణాలు ఉంటాయి, వాటిలో. కణం చనిపోయాక కూడా డీఎన్‌ఏ ఆ ఖనిజాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. చెమ్మ, సూక్ష్మజీవులు అంత సులువుగా అక్కడికి చేరలేవు. వేల ఏళ్ళ నాటి ఎముకల్లోంచి కూడా డీఎన్‌ఏ తీస్తున్నారంటే ఈ కాపలా వల్లే. అయితే ఆ కాపలా చలికీ కాలానికీ తట్టుకున్నంతగా నిప్పుకు తట్టుకోదు.

శ్మశానానికి వెళ్ళి అస్థిసంచయనం చేసిన మగవాళ్ళు ఇక్కడ ఉన్నారు. మూడో రోజు చితి చల్లారాక అస్థికలు ఏరేటప్పుడు గమనించి ఉంటారు. కొన్ని సున్నంలా తెల్లగా, తేలిగ్గా ఉంటాయి. కొన్ని బూడిదరంగులో నీలం కలిసినట్టు ఉంటాయి. కట్టెలు సరిగా అంటుకోని చోట నల్లటి ముక్కలు కనిపిస్తాయి. ఆ రంగులు ఒక రకంగా థర్మామీటరు లాంటివి. వేడి తగిలినప్పుడు ముందు నీరు పోతుంది. తర్వాత ఎముక పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. సుమారు 300, 400 డిగ్రీల దగ్గర కొల్లాజెన్ బొగ్గయి ఎముక నల్లబడుతుంది. ఇంకా పైకి పోతే ఆ బొగ్గు కూడా మండిపోతూ బూడిదరంగు, నీలిరంగు వస్తుంది. 700, 800 దాటి చాలాసేపు ఉంటే తెల్లటి ఎముక, అంటే ఒట్టి ఖనిజం మిగులుతుంది. విద్యుత్ దహనవాటికల్లో, గ్యాస్ దహనవాటికల్లో వేడి ఈ స్థాయిలోనే ఉంటుంది. ఈ అంకెలు గీత గీసినట్టు ఉండవు. ఎంత వేడి అన్నదే కాదు, ఎంతసేపు, గాలి ఎంత తగిలింది, పైన కండ ఉందా లేదా అన్నవి కూడా చూడాలి.

డీఎన్‌ఏ తీసేవాళ్ళకు ఈ రంగులే మొదటి దారి. కాలీ కాలని ముక్కలోంచి, గోధుమరంగు ముక్కలోంచి సాధారణంగా పూర్తి ఫలితం వస్తుంది. నల్లటి ముక్కలో అదృష్టం ఉంటే వస్తుంది, లేకపోతే సగం సగం వస్తుంది. నీలం, బూడిదరంగు ముక్కలో చాలా అరుదు. తెల్లగా కాలిన ఎముకలో లేనట్టే. చితాభస్మం లోంచి డీఎన్‌ఏ తీసి వారసత్వం తేల్చినట్టు సీరియళ్ళలో చూపిస్తుంటారు, అది నమ్మకండి.

ఇక్కడొక తమాషా ఉంది. ప్రయోగశాలలో పీసీఆర్ అనే పద్ధతిలో డీఎన్‌ఏ ప్రతులు తీస్తారు. కోవిడ్ రోజుల్లో ఆర్‌టీపీసీఆర్ పరీక్ష అని మనందరం ముక్కులో పుల్ల పెట్టించుకున్నాం, ఆ పీసీఆరే. ఆ యంత్రంలో డీఎన్‌ఏను ప్రతి విడతలోనూ సుమారు 95 డిగ్రీలకు వేడి చేస్తారు. నిచ్చెన నిలువునా రెండుగా విడిపోతుంది, చల్లబరిస్తే కొత్త మెట్లు అతుక్కుంటాయి. మరి అంత వేడికి చెడని డీఎన్‌ఏ మంటల్లో ఎందుకు చెడుతుంది? యంత్రంలో వేడి కొన్ని సెకన్లు. విడిపోయేది నిచ్చెన మధ్యలోని మెట్లు మాత్రమే, పక్క కర్రలు అలాగే ఉంటాయి. వేడి పెరిగి, నిమిషాలు గంటలు గడిచేకొద్దీ పక్క కర్రలే ముక్కలవుతాయి. పొడుగు నిచ్చెన పొట్టి ముక్కలవుతుంది. ఇంకా కాలితే ముక్కలు కూడా మిగలవు.

ముక్కలైతే ఏం నష్టం? దీనికి నా బ్యాంకు భాష వాడుకుంటాను. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల ఒకే చిన్న మాట మళ్ళీ మళ్ళీ రాసి ఉంటుంది. లెడ్జర్‌లో "బాకీ బాకీ బాకీ" అని వరసగా రాసినట్టు అనుకోండి. నాకు ఆ చోట ఏడుసార్లు ఉండవచ్చు, మీకు పదకొండు సార్లు. వీటినే ఎస్‌టీఆర్‌లు అంటారు. ప్రతి చోటా మనకు రెండు అంకెలు ఉంటాయి, ఒకటి అమ్మ దగ్గర్నుంచి, ఒకటి నాన్న దగ్గర్నుంచి. బిడ్డ ఖాతాలో ఉన్న ప్రతి అంకెకూ తల్లి ఖాతాలోనో తండ్రి ఖాతాలోనో ఎదురు పద్దు ఉండాలి. కామర్స్ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు, ఇది డబుల్ ఎంట్రీ. పదిహేను, ఇరవై చోట్ల ఇలా పద్దులు కలిస్తే, వీళ్ళ బిడ్డ ఇతనే అని చెప్పవచ్చు. ఎప్పుడైనా ఒక అంకె తరం మారేటప్పుడు మారిపోతుంది కాబట్టి, ఒక్క పద్దు కలవనంత మాత్రాన కొట్టేయరు, మళ్ళీ చూస్తారు.

ఇప్పుడు ఆ లెడ్జరు పేజీ కాలి ముక్కలయిందనుకోండి. ఏడుసార్లో పదకొండుసార్లో లెక్కపెట్టాలంటే ఆ వరస మొదలూ చివరా ఒకే కాగితం ముక్క మీద ఉండాలి. మధ్యలో చిరిగిపోతే లెక్క తేలదు. కాలిన ఎముకలో పొట్టి వరసలు చదవగలుగుతారు, పొడుగు వరసలు ఖాళీగా వస్తాయి. అందుకని శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేశారు. అదే వరసను, చుట్టూ ఉన్న అనవసరపు భాగం వదిలేసి, వీలైనంత దగ్గరగా కత్తిరించి చదివే పద్ధతి. దీన్ని మినీ ఎస్‌టీఆర్ అంటారు. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 11న కూలిన జంట భవనాల మృతులను గుర్తించడంలో ఇది బాగా ఉపయోగపడింది.

ఇంకో దారి మైటోకాండ్రియా. కణం మధ్యలోని డీఎన్‌ఏ రెండు ప్రతులే ఉంటుంది, మైటోకాండ్రియా డీఎన్‌ఏ వందలు వేలు ప్రతులు ఉంటుంది. ఎన్ని కాలినా ఏదో ఒకటి మిగిలే అవకాశం ఎక్కువ. కానీ అది తల్లి వైపు నుంచే వస్తుంది. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, మేనమామకు, అమ్మమ్మకు అందరికీ ఒకటే ఉంటుంది. ఇంటిపేరు లాంటిదన్నమాట, కాకపోతే అమ్మ వైపు ఇంటిపేరు. కుటుంబం తెలుస్తుంది, అందులో ఏ మనిషో తెలియదు. ఒకే తల్లి బిడ్డలు ఇద్దరు ఒకే బస్సులో ఉంటే అది చాలదు.

ఇంతకీ బస్సు అంతా కాలిపోయినా డీఎన్‌ఏ దొరికింది కదా, ఎలా? ఈ పేటవాళ్ళకు దీనికి జవాబు తెలుసు. బట్టల గోడౌను కాలినప్పుడు విడిగా పేర్చిన చీరలు బూడిదైపోతాయి. గట్టిగా కట్టిన బేలు మాత్రం బయట నల్లబడి, విప్పితే లోపలి మడతలు రంగు చెడకుండా ఉంటాయి. గాలి చొరబడదు, వేడి లోపలికి నెమ్మదిగా పోతుంది. మనిషి శరీరం కూడా అలాంటి బేలే, పైగా నీళ్ళు నిండిన బేలు. మంట ఎంతున్నా లోపలి నీరు ఆవిరయ్యేదాకా లోతుల్లో వేడి అంతగా పెరగదు. తొడ ఎముక చుట్టూ దళసరి కండరం ఉంటుంది. నడుము లోపలి కండరాలు, మూత్రాశయం, గుండె బాగా లోపల ఉంటాయి. చెవి వెనక పుర్రె అడుగున ఉండే ఎముక రాయిలాంటిది. అలాంటి చోట్లలోంచే నమూనా తీస్తారు. వేళ్ళు, పక్కటెముకలు, పుర్రె పైభాగం ముందుగా కాలిపోతాయి.

పళ్ళ సంగతి వేరే చెప్పాలి. పంటి మీది ఎనామెల్ శరీరంలోకెల్లా గట్టి పదార్థం. లోపల గుజ్జులో డీఎన్‌ఏ ఉంటుంది. ముందు పళ్ళు పెదవులు కాలగానే పగులుతాయి. వెనక దవడ పళ్ళకు బుగ్గలు, నాలుక అడ్డు. అందుకే వాటికోసం వెతుకుతారు. పంటి వైద్యుడి దగ్గర తీయించుకున్న ఎక్స్‌రే ఉంటే డీఎన్‌ఏ దాకా పోకుండానే పని అవుతుంది. మన దేశంలో ఆ రికార్డులు దాచుకునే అలవాటు తక్కువ.

ఒక్క మాట, తల్లిదండ్రులకు. కాలిపోయినవాళ్ళు పిడికిళ్ళు బిగించి, చేతులు మడిచి, ఎవరితోనో కొట్లాడుతున్నట్టు కనిపిస్తారు. చూసినవాళ్ళు, చివరి క్షణం దాకా ఎంత పెనుగులాడాడో అని జీవితాంతం కుమిలిపోతారు. అది పెనుగులాట కాదు. వేడికి కండరాలు ముడుచుకుపోయి చేతులూ కాళ్ళూ అలా వంగుతాయి, ప్రాణం పోయాక కూడా. అలా బిగిసిన పిడికిలి లోపల కొన్నిసార్లు వేలిముద్రలు చెడకుండా ఉంటాయి.

మన హైదరాబాద్‌కు ఈ శాస్త్రంలో పెద్ద పేరుంది. సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ 1988 ప్రాంతంలో దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని నిలబెట్టారు. ఆ పని కోసమే 1996లో సీడీఎఫ్‌డీ అనే సంస్థ వచ్చింది. 1995 జులైలో ఢిల్లీలో జరిగిన తందూరు హత్య మీ అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. నైనా సహానీ అనే యువతి మృతదేహాన్ని ఒక హోటల్ తందూరులో కాల్చేయబోయారు. గుర్తింపు చెరిపేయడమే వాళ్ళ ఉద్దేశం. ఆ శరీరం నమూనా సీసీఎంబీకి వచ్చింది. డాక్టర్ జి.వి. రావు దాన్ని ఆమె తల్లిదండ్రుల రక్తంతో పోల్చి, వాళ్ళ కూతురేనని నివేదిక ఇచ్చారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2013లో మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు గానీ, చనిపోయింది ఎవరన్నదాని మీద మాత్రం సందేహం మిగల్లేదు. బయట నల్లబడ్డ బేలు లోపలి మడత మాట్లాడింది.

ఇక తొందర వల్ల జరిగేదేమిటో కూడా చెప్పాలి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరుకు వచ్చిన విమానం రన్‌వే దాటిపోయి కాలిపోయింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. చాలామంది బంధువులు నగలో, బట్టో, ఒడ్డూ పొడుగో చూసి తమవాళ్ళేనని తీసుకెళ్ళిపోయారు. ఆ దుఃఖంలో ఎవరినీ తప్పు పట్టలేం. తర్వాత మిగిలిన నమూనాలు సీడీఎఫ్‌డీకి వెళ్ళాయి. చివరికి 12 మృతదేహాలు ఎవరివో తేలక మంగళూరులోనే పూడ్చిపెట్టారు. ఒక ఇంట్లో పొరపాటు జరిగితే అది ఆ ఇంటితో ఆగదు. మా భాషలో చెప్పాలంటే, ఒక వోచరు తప్పు ఖాతాలో పడితే రెండు ఖాతాలు తప్పుతాయి.

ఒడ్డూ పొడుగూ చూసి ఎందుకు నమ్మకూడదంటే, 700, 800 డిగ్రీలు దాటాక ఎముక కుంచించుకుపోతుంది. పదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మగమనిషి ఎముక ఆడమనిషిదేమో అనిపించేంత చిన్నదవుతుంది. నగలు మోసపోనివ్వవు అనుకుంటాం. స్వచ్ఛమైన బంగారం 1,064 డిగ్రీల దాకా కరగదు కాబట్టి చాలాసార్లు మిగులుతుంది, నిజమే. కానీ పక్క సీటు మనిషి గొలుసు కూడా అక్కడే పడి ఉంటుంది. నగ కన్నా మోకాలి చిప్ప మార్పిడిలో వేసిన లోహపు భాగం, ఎముక విరిగితే వేసిన ప్లేటు ఎక్కువ నమ్మదగ్గవి, ఎందుకంటే అవి మనిషి లోపల ఉంటాయి. చాలావాటి మీద నంబరు కూడా ఉంటుంది. పెద్దవాళ్ళకు ఇలాంటి ఆపరేషన్ అయివుంటే ఆ డిశ్చార్జి కాగితాలు పారేయకండి.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానం విషయంలో ఈ పాఠం పాటించారు. వారాల కొద్దీ డీఎన్‌ఏ కలిపి చూశాకే అప్పగింతలు జరిగాయి. మొదట 270 దాటిందనుకున్న మృతుల సంఖ్య పరీక్షల తర్వాత 260 అని తేలింది. ముక్కలను మనుషులుగా లెక్కపెడితే సంఖ్య పెరుగుతుంది, డీఎన్‌ఏ ఆ లెక్క సరిచేస్తుంది.

మరి ఏమీ దొరకకపోతే? ఇది నా బల్ల దగ్గర చూసిన సంగతి. ఒకావిడ నెలకోసారి వచ్చి కొడుకు పాస్‌బుక్కులో వడ్డీ ఎక్కించుకుని పోయేది. కొడుకు ఎక్కడో పనికి పోయి మళ్ళీ రాలేదు. అతని ఖాతాలో డబ్బుంది, ఆవిడ నామినీ. చనిపోయాడన్న కాగితం లేదు, బతికున్నాడన్న కబురూ లేదు. చట్టం ప్రకారం ఏడేళ్ళు ఎవరికీ ఏ కబురూ లేకపోతే తప్ప కోర్టు చనిపోయినట్టు భావించదు. పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111వ సెక్షన్. 2008లో రిజర్వ్ బ్యాంకు కనపడకుండా పోయినవాళ్ళ ఖాతాల విషయంలో నిబంధనలు కొంత సులువు చేసి, చిన్న మొత్తాలకు కోర్టు కాగితం అడగకుండా పరిష్కరించే వీలు ఇచ్చింది. అయినా ఆవిడ కాగితం పెట్టనే లేదు. అర్జీ ఫారం రెండుసార్లు ఇచ్చాను, రెండుసార్లూ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళింది. సంతకం పెడితే కొడుకు చనిపోయాడని తనే ఒప్పుకున్నట్టవుతుంది కదా.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచీ మందుల ఫ్యాక్టరీ పేలింది. 54 మంది పోయారు. అందులో 8 మంది ఆనవాలే దొరకలేదు. శిథిలాల్లో దొరికిన ప్రతి ముక్కనూ పరీక్షించి చూసినా వాళ్ళ బంధువుల డీఎన్‌ఏతో కలిసేది దొరకలేదు. అంత వేడికి మనం ఇందాక చెప్పుకున్న తెల్లరంగు దశ కూడా దాటిపోయి ఉండవచ్చు. ఆ కుటుంబాలు చాలా రోజులు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఉన్నాయి. పనికి వచ్చినవాడు లోపలే ఉన్నాడని అందరికీ తెలుసు, చేతిలో పెట్టడానికి పిడికెడు అస్థికలు లేవు. ఇలాంటి పెద్ద ప్రమాదాల్లో ప్రభుత్వాలు ఏడేళ్ళు ఆగకుండా మరణ ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు చేస్తుంటాయి, 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ చమోలీ వరదలో గల్లంతైనవాళ్ళకు చేసినట్టు. కాగితం పని జరుగుతుంది. ఆ తల్లి సంతకం సంగతి నేను చెప్పలేను.

పిల్లలు సైన్సు విన్నారు, పెద్దవాళ్ళకు కొన్ని పనికొచ్చే సంగతులు చెబుతాను. ఎవరికీ ఆ అవసరం రాకూడదు. వస్తే, రక్తం ఇవ్వవలసింది ముందు తల్లి, తండ్రి, లేదా కన్నబిడ్డలు. అన్నదమ్ముల రక్తంతో కూడా చూస్తారు కానీ ఒక్కరిదే అయితే లెక్క బలంగా రాదు, ఇద్దరు ముగ్గురు ఇస్తే మంచిది. భార్య రక్తం భర్తతో కలవదు. రక్తసంబంధం లేదు కదా. బిడ్డ ఉంటే బిడ్డ నమూనాతో పాటు తల్లిది కూడా ఇస్తే, బిడ్డలో తల్లి వాటా తీసేసి తండ్రి వాటా తేల్చుకోవచ్చు. ఇంట్లో ఆ మనిషి వాడిన పళ్ళబ్రష్షు, దువ్వెన, గడ్డం గీసుకునే రేజరు ఉంటే కడగకుండా కాగితం కవర్లో పెట్టి ఇవ్వాలి, ప్లాస్టిక్ సంచిలో కాదు, చెమ్మ పడుతుంది. దత్తత వచ్చిన పిల్లలుంటే ఆ సంగతి పరీక్ష చేసేవాళ్ళకు ముందే చెప్పాలి. పరువు కోసం దాస్తే, పద్దు కలవక మనిషి పరాయివాడని తేలుతుంది.

ప్రమాదస్థలంలో ఉత్సాహం కొద్దీ ముక్కలు ఏరి పోగు చేయకూడదు. కాలిన ఎముక తాకితే విరుగుతుంది, వేడిగా ఉండగా నీళ్ళు పోస్తే గాజులా పగులుతుంది. పైగా అందులో మిగిలిన డీఎన్‌ఏ అతి కొంచెం. దాని మీద మన చేతి చెమట పడితే యంత్రం మన డీఎన్‌ఏనే చదివి పెడుతుంది. రెండు సీట్ల మనుషుల ముక్కలు ఒకే గుడ్డలో కట్టేస్తే విడదీయడం ఇంకా కష్టం.

ఈ రంగంలోకి పోవాలనుకునే విద్యార్థులకు గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది, మన కర్ణాటకలోనే ధార్వాడలో దాని క్యాంపస్ ఉంది. బెంగళూరులో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల మడివాళలో ఉంది. జీతాలు సాఫ్ట్‌వేర్‌లా ఉండవు, ముందే చెబుతున్నాను.

న్యూయార్క్ సంగతి సగంలో వదిలేశాను. అక్కడ చనిపోయినవాళ్ళు 2,753 మంది. విమాన ఇంధనం మంటలు, తర్వాత వారాల తరబడి శిథిలాల కింద రగిలిన వేడి, ఆర్పడానికి పోసిన నీళ్ళు, సూక్ష్మజీవులు, అన్నీ కలిసి ఎముకలను పాడు చేశాయి. దాదాపు 1,100 మందిని ఇప్పటికీ గుర్తించలేదు. కానీ ఆ ముక్కలను పారేయలేదు. కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా అవే ముక్కలను తీసి మళ్ళీ పొడిచేసి, మళ్ళీ పరీక్షిస్తున్నారు. 2025 ఆగస్టులో, ఇరవై నాలుగేళ్ళకు, ఇంకో ముగ్గురి పేర్లు తేలాయి.

భోజనాలు సిద్ధమయ్యాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. అడగవలసిన ప్రశ్నలుంటే పంక్తిలో నా పక్కన కూర్చుని అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.